శనివారం పదకొండూ నలభై

ప్రణతికీ నాగేశ్వరికీ మొదటి నుంచీ పడలేదు. ప్రణతి ఎల్.బి.నగర్ బ్రాంచిలో టెస్ట్ సెల్ ఇన్‌చార్జి. కానిస్టేబుల్, గ్రూప్స్ పరీక్షలకు కోచింగ్ తీసుకునేవాళ్లకు ప్రతి ఆదివారం పెట్టే మాక్ టెస్టుల ప్రశ్నపత్రాలూ, జవాబుల కీలూ అక్కడే తయారవుతాయి. నాగేశ్వరి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ బ్రాంచికి మేనేజరు. క్లాసులు, ఫ్యాకల్టీ, అడ్మిషన్లు ఆమె చేతిలో ఉంటాయి. రెండు బ్రాంచిల మధ్య మెట్రోలో మూడు స్టేషన్ల దూరం. ఆ దూరం దాటి ఒకరి ఆఫీసుకు ఒకరు వెళ్లారంటే అది పోట్లాటకే.

పోట్లాటలకు మూలం ఫోన్లు. ఫలానా ప్రశ్న మార్చండి, ఫలానా జవాబు సరిచేయండి అని ఫ్యాకల్టీ ఫోన్ చేసి చెబుతారు. టెస్ట్ సెల్ వాళ్లు అలాగే మారుస్తారు. అది తప్పని తేలిన రోజున, చెప్పినవాళ్లు తాము చెప్పనే లేదంటారు. ఈ విషయంలో అందరికన్నా ఘనుడు అరిథ్‌మెటిక్ చెప్పే వంశీకృష్ణ. అతను నాగేశ్వరికి స్వయానా అక్క కొడుకు. క్లాసులో అతను బోర్డు ముందు నిలబడితే వెనక గోడ దాకా పిల్లలు నిండిపోతారు. అందుకని అతన్ని ఎవరూ ఏమీ అనరు.

జులైలో అలాంటి గొడవే ఒకటి ముదిరి, యజమాని బాల్‌రాజ్ దాకా వెళ్లింది. ఆయనది సరూర్‌నగర్‌లో పాత వ్యవసాయ కుటుంబం. పొలాలు ప్లాట్లయ్యాక మెయిన్ రోడ్డు మీద కట్టిన కాంప్లెక్సులో ఈ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"ఫోన్ల చెప్తరు, మల్ల చెప్పలేదంటరు. ఏది చెప్పినా రాసి చెప్పేటట్టు ఆఫీసుకు ఒక మెసేజింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుండ్రి సార్," అంది ప్రణతి.

"రాతలు దేనికండీ?" అంది నాగేశ్వరి, బాల్‌రాజ్ వైపే చూస్తూ. "అక్కడ కూర్చుని అసలేం చేస్తున్నారో తెలియాలి ముందు. స్క్రీన్ రికార్డింగ్ పెట్టించండి. ఎవరి కంప్యూటర్లో ఏం జరిగిందో పొద్దున్నించి సాయంత్రం దాకా మొత్తం కనబడుతుంది. మా ఆడపడుచు వాళ్ల ఆఫీసులో పెట్టారు. కబుర్లు బందయ్యాయి."

"పెడితే దిల్‌సుఖ్‌నగర్‌ల గూడ పెట్టాలె."

"మా దగ్గర ఎవరి మీదా అనుమానం లేదమ్మా."

"అంటే మా మీద ఉన్నదా?"

"నేను అలా అన్నానా?"

బాల్‌రాజ్ టేబుల్ మీద అరచేత్తో కొట్టాడు. "లొల్లి బంజేయుండ్రి. రెండూ పదిహేను రోజులు ట్రయల్‌కు తెప్పిద్దాం. పదిహేను రోజులైనంక ఒక్కటే ఉంటది, రెండోది పోతది. ఏది మంచిగుంటదో నేనే చెప్త."

అలా మెసేజింగ్ రెండు బ్రాంచిలకూ వచ్చింది. స్క్రీన్ రికార్డింగ్ మాత్రం ఎల్.బి.నగర్‌లోని ఎనిమిది కంప్యూటర్లకే వచ్చింది. దాని పాస్‌వర్డు నాగేశ్వరి దగ్గర ఉంచారు. ప్రతి స్క్రీన్ మూలనా ఒక ఎర్రచుక్క వెలిగింది. ఒకమ్మాయి ఆ చుక్క మీద బొట్టుబిళ్ల అంటించింది. దానివల్ల ఏమీ ఆగదని తెలిసినా మిగతావాళ్లు కూడా తలా ఒకటి అడిగి తీసుకున్నారు.

రెండో రోజు నుంచే నాగేశ్వరి మెసేజీలు మొదలయ్యాయి.

"మూడో నంబర్ సిస్టమ్ పదకొండు నిమిషాలు ఖాళీగా ఉంది. కారణం?"

"బాత్రూమ్," అని ప్రణతి జవాబు రాసింది.

"పదకొండు నిమిషాలా?"

"గడియారం పట్టుకుని పోలేదు మేడమ్."

వారం తిరిగేసరికి ఎల్.బి.నగర్‌లో ఎవరూ సీటులోంచి లేచి ఇంకొకరి దగ్గరకు వెళ్లడం మానేశారు. పక్కపక్కన కూర్చున్నవాళ్లు కూడా పెదవులు కదపకుండా మాట్లాడుకునేవారు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచినప్పుడు తిట్లే కూరలయ్యేవి. సగం నాగేశ్వరికి, మిగతా సగం ఇది ఆపలేకపోయినందుకు ప్రణతికి.

ప్రణతికి ఇంకో బెంగ ఉంది. ఆమె పక్క సీటులో, అయిదో నంబర్ సిస్టమ్ మీద కూర్చునే అంతయ్యకు యాభై ఆరేళ్లు. తెలుగు మీడియం ప్రశ్నపత్రాలు టైప్ చేసేది ఆయనే. ముప్పై ఏళ్లు మూసారాంబాగ్‌లో పెళ్లికార్డులూ కరపత్రాలూ కంపోజ్ చేసి చేసి ఇక్కడికి వచ్చాడు. ప్రణతి చేరిన కొత్తలో ఆమెకు ఇంగ్లీషు టైపింగ్ తప్ప రాదు. రోజూ భోజనం అయ్యాక అరగంట కూర్చోబెట్టి, వేళ్ల మీద చిన్నగా కొడుతూ తెలుగు కీబోర్డు నేర్పింది ఆయనే. అప్పట్నుంచీ ఆమెకు ఆయన కాక, చిన్నాన్న వరస.

ఏడాదిగా షుగరు ఆయన కళ్లను తింటోంది. ముందు చిన్న అక్షరాలు పోయాయి. తర్వాత వత్తులు పోయాయి. స్క్రీన్ మీద అక్షరాన్ని అరచేయంత పెద్దది చేసుకున్నా, అది 'ప'నో 'వ'నో తేల్చుకోలేకపోతున్నాడు. దవాఖానకు పొమ్మంటే, కంట్లో సూది పొడుస్తారట అని దాటేసేవాడు. ఎనిమిది నెలలుగా ఆయన పత్రాలు ప్రణతే టైప్ చేస్తోంది. ముందు తన పని ముగించుకుని ఆ తర్వాత ఆయన కుర్చీలో కూర్చునేది.

ఎర్రచుక్క వెలిగిన రోజు అంతయ్య గొంతు తగ్గించి అడిగాడు. "ఇప్పుడెట్ల బిడ్డా?"

"నీ సిస్టమ్ మీదనే కూసుంట కద కాకా. వాళ్లకు స్క్రీన్ కనవడ్తది, ఎవలు కూసున్నరో కనవడదు."

అది నిజమే. కానీ ఆఫీసు మెసేజీలు ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టి, ఆయన కంప్యూటర్లో కూడా తన పేరుతో మెసేజీల కిటికీ ఒకటి మూలన తెరిచి పెట్టుకునేది ప్రణతి. దాని మీద తన పేరు పెద్దక్షరాలతో ఉంటుందనే సంగతి ఆమెకు తట్టలేదు.

ట్రయల్ మొదలైన రెండో శనివారం పదకొండూ నలభైకి, ప్రణతి తన సిస్టమ్‌లో మెసేజీలు మూసేసి, అయిదో నంబర్ సిస్టమ్ మీద ఉండగా వంశీకృష్ణ మెసేజీ వచ్చింది. "సెట్ ఎ కీలో తప్పులున్నాయి. 87కి 2, 91కి 4, 94కి 1, 96కి 1. వెంటనే మార్చండి."

ప్రణతికి అనుమానం వచ్చింది. నాలుగూ ఒకేసారి తప్పడం ఏమిటి? "సార్, నాలుగూనా? మళ్లీ ఒకసారి చూడండి," అని రాసింది.

"చెప్పింది చెయ్యండి," అని జవాబొచ్చింది.

ఆమె మార్చింది. ఆదివారం టెస్టు అయింది. సాయంత్రానికి ర్యాంకులు పెట్టారు. వంశీకృష్ణ పంపినవి, ప్రశ్నల వరస వేరుగా ఉండే సెట్ బి జవాబులని సోమవారం పొద్దున్న తేలింది. అప్పటికే దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచి మెట్ల మీద అరవై మంది పిల్లలు నిలబడి అరుస్తున్నారు. పోయినసారి పన్నెండో ర్యాంకు వచ్చిన కుర్రాడు ఈసారి రెండు వందల నలభైకి పోయాడు. ఎవరో గేటు మీది ఫ్లెక్సీని, ఫ్యాకల్టీ ఫొటోలతో సహా, నిలువునా చించారు.

పది గంటలకు అందరికీ కనబడేలా నాగేశ్వరి మెసేజీ పెట్టింది. "టెస్ట్ సెల్ నిర్లక్ష్యం వల్ల ఇన్‌స్టిట్యూట్ పరువు పోయింది. ప్రణతి వివరణ ఇవ్వాలి."

ప్రణతి నవ్వుకుంటూ తన మెసేజీలు తెరిచింది. వెంటనే నవ్వు పోయింది. శనివారం పదకొండూ నలభై దగ్గర 'ఈ మెసేజ్ డిలీట్ అయింది' అని ఉంది. దాని కింద తను రాసిన "సార్, నాలుగూనా? మళ్లీ ఒకసారి చూడండి" ఒంటరిగా మిగిలింది. దాని కింద మళ్లీ డిలీట్.

వంశీకృష్ణకు ఫోన్ చేసింది. "ఏం డిలీట్ చేసిండ్రు సార్?"

"గుడ్ మార్నింగ్ ఫొటోలండీ. వేరేవాళ్లకి పంపబోయి మీకు పంపాను. తీసేశాను."

"పదకొండూ నలభైకి గుడ్ మార్నింగా? నాలుగూనా అని నేనడిగింది ఫొటోల గురించా?"

"మీరేం అడిగారో నాకేం తెలుసు? క్లాసుంది, పెట్టేస్తున్నా."

ప్రణతి ఫోను బల్ల మీద విసిరింది. తాను పట్టుబట్టి తెప్పించిన సాఫ్ట్‌వేర్ తన నోట్లోనే మట్టి కొట్టింది. అప్పుడు ఆమె కళ్లు అయిదో నంబర్ స్క్రీన్ మీది బొట్టుబిళ్ల మీద పడ్డాయి. ఆ మెసేజీ వచ్చింది ఈ స్క్రీన్ మీదికే. అక్కడ డిలీట్ చేసినా ఇక్కడ రికార్డు అయి ఉంటుంది. ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే ఆ రికార్డులో ఇంకా ఏం ఉంటుందో గుర్తొచ్చి కూలబడింది.

పక్కన అంతయ్య, ఏమీ పని లేని కీబోర్డు మీద చేతులు పెట్టుకుని, ఎర్రచుక్క కోసం పని చేస్తున్నట్టు కూర్చుని ఉన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం నాగేశ్వరి తనే ఎల్.బి.నగర్ వచ్చింది. రెండేళ్లలో ఇదే మొదటిసారి. ప్రణతిని స్టోర్ రూములోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. చుట్టూ పాత ఓఎమ్మార్ జవాబు పత్రాల కట్టలు.

"రికార్డింగ్ చూపించమని రేపు సార్ ముందు అడుగుతావని నాకు తెలుసు. నేను చూశాను. మెసేజి ఉంది. మావాడు చేసింది తప్పే. డిలీట్ చేయడం ఇంకా తప్పు. ఇంట్లో వాణ్ణి కడిగి ఆరేశాను."

"మరి సార్‌కు చెప్పుండ్రి."

"చెప్పొచ్చు. కానీ అదే రికార్డింగులో అయిదో నంబర్ మీద నీ పేరుతో మెసేజీలు కనబడుతున్నాయి. అంతకు ముందు గంటన్నర ఎవరో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నాలుగు లైన్లు కొట్టారు. తర్వాత ఉన్నట్టుండి పేజీలు పేజీలు పరిగెత్తాయి. నాకు అర్థం కాదనుకున్నావా?"

ప్రణతి వెళ్లి తలుపు పూర్తిగా మూసింది.

"ఈ ఒక్క శనివారమే కాదు. మొదటి శనివారం నుంచీ చూస్తున్నాను."

"పది రోజుల కిందనే తెల్సా? మరి అప్పుడే ఎందుకు అడగలే?"

"అప్పుడు అవసరం రాలేదు," అంది నాగేశ్వరి. "చూడమ్మా, కీ టైపింగులో పొరపాటు జరిగిందని రెండు లైన్లు రాసివ్వు. ఒక మెమో వస్తుంది. నెలలో అందరూ మర్చిపోతారు. అంతయ్యగారు ఆయన సీట్లో ఆయనుంటారు. లేదూ, రికార్డింగే కావాలంటావా, మొత్తం చూపిస్తాను. నీకు కావలసిన ముక్క ఒక్కటే కోసి చూపించడం కుదరదు."

ఆమె వెళ్లాక ప్రణతి చాలాసేపు ఆ కట్టల మధ్యే నిలబడింది. నాగేశ్వరిని కొట్టాలన్నంత కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ, తన పేరున్న కిటికీని ఆ స్క్రీన్ మీద తెరిచిపెట్టిన తన తెలివి మీద వచ్చింది.

అయిదు గంటలకు అంతయ్యను మెట్రో పిల్లరు కింది టీ బండి దగ్గరకు తీసుకెళ్లి అంతా చెప్పింది. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని విన్నాడు. బస్సేదో హారన్ కొడుతూ పోయేదాకా ఆగి అన్నాడు.

"మెమో అంటే కాయితమే గద బిడ్డా."

"నా పేరు మీద కాయితం కాకా. అరవై మంది పోరగాండ్ల ర్యాంకులు నేను ఖరాబు చేసిన్నని కాయితం."

"నీకేంది, చిన్నదానివి. గీడ గాకుంటె ఇంకోకాడ దొర్కుతది. నన్నెవలు పెట్టుకుంటరు?"

"అంటే రాసియ్యమంటున్నవా?"

"నేను గట్లంటలే."

"మరెట్లంటున్నవ్?"

అంతయ్య టీ ఊదుకున్నాడు. "ఎనిమిది నెలలు చేసినవ్. గీ ఒక్కటి చేయలేవా?"

ఆ మాట ప్రణతికి చెంప మీద తగిలినట్టయింది. ఎనిమిది నెలల్లో ఆమె ఒక్కసారి కూడా లెక్క చెప్పలేదు. ఆయన చెబుతాడనీ అనుకోలేదు.

"పని చేసిన కాకా. నీ పని గాబట్టి, నువ్వు నేర్పిన పని గాబట్టి చేసిన. చేయని తప్పు చేసిన్నని ఎట్ల రాస్త? దవాఖానకు పో, దవాఖానకు పో అని ఎన్నిసార్లు మొత్తుకున్న? పోయినవా? సూదికి భయపడ్తివి. ఇప్పుడు నా మెడ చాపమంటున్నవ్."

"మెల్లగ మాట్లాడు. నలుగురు వింటున్నరు."

"విననీ."

అంతయ్య గ్లాసు బండి మీద పెట్టబోయాడు. అంచు అందలేదు. గ్లాసు రోడ్డు మీద పడి పగిలింది. టీ బండి అతను తిట్టాడు. ఆయన ఎవరి వైపూ చూడకుండా, పిల్లరు తడుముకుంటూ స్టేషన్ మెట్ల వైపు వెళ్లిపోయాడు. రోజూ ఆ మెట్ల దాకా ప్రణతే చేయి పట్టుకుని తీసుకెళ్లేది. ఆ రోజు ఆమె కదల్లేదు.

బుధవారం పదకొండింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో మీటింగు. బాల్‌రాజ్, నాగేశ్వరి, వంశీకృష్ణ, ప్రణతి. తలుపు పక్క కుర్చీలో అంతయ్య. ఆయన్ని నాగేశ్వరే రమ్మని కబురు పెట్టింది. బల్ల మీద ప్రణతి సంతకం కోసం కాగితం సిద్ధంగా ఉంది.

"చెప్పు బిడ్డా. టైపింగ్ మిస్టేకేనా?" అన్నాడు బాల్‌రాజ్.

"కాదు సార్. శనివారం పదకొండూ నలభై, అయిదో నంబర్ సిస్టమ్ రికార్డింగ్ పెట్టమనుండ్రి."

నాగేశ్వరి పెన్ను మూత పెట్టింది. "ఆలోచించుకునే అడుగుతున్నావా?"

"ఆలోచించుకునే అడుగుతున్న మేడమ్."

ప్రణతి తలుపు వైపు చూడలేదు.

నాగేశ్వరి ల్యాప్‌టాప్ తెరిచి ప్రొజెక్టరుకు కలిపింది. పదకొండూ నలభై నుంచి కాదు, తొమ్మిదిన్నర నుంచి పెట్టింది. గోడ మీద అక్షరాలు గుమ్మడికాయలంత పడ్డాయి. నాలుగు మాటలతోనే స్క్రీన్ నిండిపోయింది. 'విద్యుత్తు' అనే మాట పడింది, తప్పుగా. చెరిగింది. మళ్లీ తప్పుగా పడింది. మళ్లీ చెరిగింది. అయిదోసారి కూడా వత్తు తప్పింది. వంశీకృష్ణ ఒకసారి పెదవి విరిచాడు.

"ఏం కనవడ్తుంది?" అని అంతయ్య అడిగాడు.

బాల్‌రాజ్ గోడ మీంచి చూపు తిప్పి, అంతయ్యను చూశాడు. అంతయ్య గోడకు కొంచెం పక్కగా, కిటికీ వైపు ముఖం పెట్టి ఉన్నాడు.

నాగేశ్వరి ముందుకు జరిపింది. పదకొండూ అయిదుకు అక్షరాలు మామూలు సైజుకు వచ్చాయి. లైన్లు వరసగా పరిగెత్తాయి. మూలన చిన్న కిటికీలో ప్రణతి పేరు. పదకొండూ నలభైకి ఆ కిటికీ వెలిగింది. బాల్‌రాజ్ లేచి గోడ దగ్గరకు వెళ్లి, వేలు పెట్టి బయటికే చదివాడు. "ఎనభై ఏడుకు రెండు. తొంభై ఒకటికి నాలుగు... వెంటనే మార్చండి." కింద ఉన్నది కూడా చదివాడు. "చెప్పింది చెయ్యండి."

వెనక్కి తిరిగాడు. "గుడ్ మార్నింగ్ ఫొటోలా గివి?"

"క్లాసుల మధ్య హడావుడిలో, సార్, సెట్ చూసుకోలేదు. తర్వాత భయమేసి..." వంశీకృష్ణ ముఖం ఎర్రబడింది.

"సూస్కోకపోతె పోకపోయె. గీ పిల్ల మళ్లీ చూడమని అడిగింది గద? ఆడపిల్ల మీద తోసి గుడ్ మార్నింగ్ అంటవా? మధ్యాహ్నం క్లాసుల నిలబడి, తప్పు నాది అని నీ నోటితోని పోరగాండ్లకు చెప్పు. నేను వెనక బెంచిల కూసుంట."

వంశీకృష్ణ తలూపి పిన్ని వైపు చూశాడు. ఆమె అతన్ని చూడలేదు.

"అలాగే సార్. వాడి సంగతి అయింది. మరి ఈ సంగతి?" అని నాగేశ్వరి తలుపు వైపు చెయ్యి చూపింది.

బాల్‌రాజ్ గొంతు తగ్గించాడు. "అంతయ్యా, కండ్లు ఎంత కనవడ్తయి?"

"మంచిగనే కనవడ్తయి సార్."

"గోడ మీద ఏమున్నది?"

"మెసేజి ఉన్నది. మీరు సదివిండ్రు గద."

"ఎన్ని లైన్లున్నయి?"

అంతయ్య మెడ ముందుకు చాచాడు. కళ్లు చికిలించాడు. చివరికి తల దించుకున్నాడు.

"రేపటిసంది రాకు," అన్నాడు బాల్‌రాజ్. "ముందు దవాఖానకు పో. తర్వాతది తర్వాత చూద్దాం."

అంతయ్య లేచాడు. ప్రణతి సాయం పట్టబోతే ఆమె చేతిని తోసేశాడు. "నీ పేరు నువ్వు కడుక్కున్నవ్ గద బిడ్డా. జర్గు." గోడ పట్టుకుని బయటికి నడిచాడు. మెట్ల మీద ఆయన అడుగులు ఒక్కొక్కటిగా చాలాసేపు వినిపించాయి.

బాల్‌రాజ్ కూర్చుని ముఖం తుడుచుకున్నాడు. "సరే. రికార్డింగే కొందాం. నిజం బయటపెట్టింది అదే."

"వద్దు సార్," అంది ప్రణతి.

నాగేశ్వరి నవ్వింది. "నిన్ను కాపాడింది అదేగా?"

"కాపాడింది. కాదంటలేను." "కానీ కాక సంగతి మేడమ్‌కు పది రోజుల కిందనే తెల్సు సార్. మీకు చెప్పలే. ఆయన్ను పిలిచి అడగలే. దాచిపెట్టుకున్నరు. నిన్న స్టోర్ రూముకు తోల్కపోయి, తప్పు నా మీద రాసిస్తే ఆయన నౌకరి ఉంటదని బేరం పెట్టిండ్రు. గీ రికార్డింగ్ ఉంచితే, ఇక్కడ పనిచేసేటోళ్లందరి సంగతులు గట్లనే ఒక్కరి చేతుల ఉంటయి. ఎప్పుడు అవసరమొస్తే అప్పుడు తీస్తరు. మెసేజింగ్ ఉంచుండ్రి. డిలీట్ చేయరాకుండ పెట్టిచ్చుండ్రి. పెట్టొచ్చంట, కంపెనీవాళ్లను అడిగిన."

"బేరం పెట్టానా? ఎక్కడుంది సాక్ష్యం?"

"నోటితోని చెప్పిండ్రు మేడమ్. రాసియ్యలే."

బాల్‌రాజ్ నాగేశ్వరిని చూశాడు. "మేడమ్, అంతయ్య సంగతి ఎప్పటిసంది తెల్సు?"

"నేను ఖచ్చితంగా నిర్ధారించుకున్నాక చెబుదామని..."

"ఎప్పటిసంది?"

ఆమె ల్యాప్‌టాప్ మూసింది.

"రికార్డింగ్ తీసేయుండ్రి. ఇయ్యాల్నే," అన్నాడు బాల్‌రాజ్.

సాయంత్రానికి ఎల్.బి.నగర్‌లో ఎర్రచుక్కలు ఆరిపోయాయి. బొట్టుబిళ్లలు గీకి పారేశారు. కానీ మరునాడు ప్రణతి టిఫిన్ డబ్బా తెరిస్తే ఎవరూ పక్కన కూర్చోలేదు. తనను తాను కాపాడుకోవడానికి ముసలాయన్ని పట్టించిందని ఇద్దరు అన్నారు. ఆ మాట ఆమెకు వినబడేలాగే అన్నారు. నాగేశ్వరి ఇప్పుడు ప్రతి చిన్నదీ రాసే పంపుతోంది. కామాలు, ఫుల్‌స్టాపులతో సహా. 'గౌరవనీయులైన టెస్ట్ సెల్ ఇన్‌చార్జి గారికి' అని మొదలుపెట్టి, ఒక ప్రశ్నలో ఖాళీ జాగా ఎక్కువైందని ఆరు లైన్లు రాస్తుంది. ప్రణతి ఆరు లైన్లకూ జవాబు రాస్తుంది.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం ప్రణతి అంతయ్య ఇంటికి వెళ్లింది. గడ్డిఅన్నారంలో, పండ్ల మార్కెట్ ఉన్న చోటికి రెండు గల్లీల వెనక రెండు గదుల పోర్షను. ఆయన సీటు దగ్గర మిగిలిన కళ్లజోడు పెట్టె, చెప్పులు, స్టీలు గ్లాసు సంచిలో తెచ్చింది. తలుపు తీసింది ఆయన భార్య ఐలమ్మ.

"ఏంటికొచ్చినవ్? ఇంక మిగిలిందేమన్న ఉన్నదా?"

"కాకను చూసి పోత పిన్నీ."

"చూస్తె చూడు. ఆయనకు మాత్రం నువ్వు కనవడవ్." ఐలమ్మ సంచి లాక్కుంది గానీ తలుపు మూయలేదు.

అంతయ్య మంచం మీద నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. కంట్లో ఇంజక్షన్లు రెండు అయ్యాయట, ఇంకొకటి ఉందట. పోయింది తిరిగి రాదనీ, ఉన్నది నిలబడుతుందనీ డాక్టరు చెప్పాడట. ఇదంతా ఐలమ్మ చెప్పింది. ప్రణతి స్టూలు మీద పది నిమిషాలు కూర్చుంది. ఎవరూ మంచినీళ్లు ఇవ్వలేదు. లేవబోతుంటే ఆయన గొంతు విప్పాడు.

"ఒచ్చినవ్ గద. ఒక మెసేజి రాసి పో. బాల్‌రాజ్ సార్‌కు. ఐలమ్మకు టైప్ చేసుడు రాదు."

ఆయన ఫోను ప్రణతి చేతికి వచ్చింది. ఆయన చెబుతుంటే ఆమె టైప్ చేసింది.

"సార్‌కు నమస్కారం. కండ్లకు సూదులు ఏయించుకుంటున్న. టైపింగ్ ఇంక చేయరాదు. దిల్‌సుఖ్‌నగర్‌ల ఫోన్లెత్తే పనన్న, గేటు కాడి పనన్న ఏదిచ్చినా చేస్త." ఒక్క క్షణం ఆగాడు. "ఎల్.బి.నగర్‌కు మాత్రం పోను. ప్రణతి ఉన్నకాడ నేను పని చేయ."

ప్రణతి వేళ్లు ఆగాయి. ఐలమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"రాసినవా?"

"రాస్తున్న."

పేరుతో సహా రాసింది. ఫోను ఆయనకివ్వబోతే ఆయన తీసుకోలేదు.

"ఐలమ్మా, నువ్వు సదువు."

ఐలమ్మ ఏడో తరగతి దాకా చదివింది. ఫోను దూరంగా పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగి, ప్రణతి ముఖం చూసి, అది కూడా చదివింది.

"ఉన్నది. నువ్వు చెప్పినట్టే ఉన్నది," అంది.

"పంపు," అన్నాడు అంతయ్య.

తర్వాత చూద్దామన్న మాట బాల్‌రాజ్ నిలబెట్టుకున్నాడు. మరుసటి నెల ఒకటో తారీకు నుంచి అంతయ్య దిల్‌సుఖ్‌నగర్ ఎంక్వయిరీలో ఫోన్లు ఎత్తుతున్నాడు. బ్యాచిల టైమింగులన్నీ ఆయనకు నోటికే వచ్చు, చూసి చదవాల్సిన అవసరం లేదు. కొత్త బ్యాచిల వివరాల కోసం ప్రణతి వారానికి రెండుసార్లయినా అక్కడికి ఫోన్ చేయాలి. ప్రతిసారీ ఆయనే ఎత్తుతాడు. ఆమె "నేను కాకా" అంటుంది.

"ఎవలు?" అని అడుగుతాడు ఆయన.

ఆమె తన పేరు, బ్రాంచి చెప్పాక, మారుమాట లేకుండా లైను కలుపుతాడు.